ఇద్దరు చేసిన పని

కోపం వచ్చినవాడికి కళ్ళు కనిపించవంటారు. బలరాం దగ్గర ఆ సామెత పనిచేయదు. అతనికి కోపం ఎక్కినకొద్దీ చూపు పదునెక్కుతుంది. ఆ ఉదయం ఏనుగుబండ పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతున్నప్పుడు అతని ఒంట్లో కోపం తప్ప ఇంకేమీ లేదు.

పోయినవాడు మేనల్లుడు రవికుమార్. అక్క సోమ్లికి పెద్దకొడుకు, అడవి శాఖలో సెక్షన్ ఆఫీసరు. అశ్వారావుపేట వైపు నుంచి భద్రాచలం పోయే అడవి దారిలో, గుర్రంగండి దిగుడు దగ్గర, మోటార్‌సైకిల్‌తో సహా లోయలో పడి చచ్చిపోయాడు. చితి అంటుకుంటుండగా తండా అంతా వినేలా బలరాం ఒక మాట అన్నాడు. ఇది చేసినవాడెవడో తెలిసిన రోజు, వాడి ఊపిరి తన చేతుల్లోనే పోవాలన్నాడు. ఒకప్పుడు పోలీసు మోటారు విభాగంలో ఎస్సైగా చేసి, పై అధికారితో పడక ఉద్యోగం వదిలేసి, ఖమ్మంలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్న మనిషి. మాట అనేసి మర్చిపోయే అలవాటు అతనికి లేదు.

సీఐ వెంకటప్పయ్యది మధిర. ఇద్దరూ ఒకే ఏడు పోలీసు శిక్షణలో చేరారు. అప్పటినుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. బలరాం ఎందుకొచ్చాడో వెంకటప్పయ్యకి తెలుసు. అందుకే కూర్చోమని కూడా అనకుండా, కేసు మూసేశామని, కుర్రాడు వేగంగా దిగి మలుపులో పట్టు తప్పాడని, ఇక ఇందులో తవ్వడానికేమీ లేదని చెప్పేశాడు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు బండిని పరీక్షించి రెండు బ్రేకులూ బాగున్నాయని సంతకం పెట్టాడట.

"మీ వాడు పోయిండని బాధ ఉంటది, కాదనను. కానీ బాధకి సెక్షన్లు ఉండవు బలరాం," అన్నాడు.

బలరాం బండి చూడాలన్నాడు. కాదంటే ఖమ్మంలో ఎవరెవరి గుమ్మాలు తొక్కుతాడో వెంకటప్పయ్యకి బాగా తెలుసు గనక సరేనన్నాడు.

స్టేషన్ వెనక రేకుల కింద, పట్టుబడ్డ టేకు దుంగల పక్కన ఉంది బండి. రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులున్న ఖరీదైన మోడలు. రవికుమార్ మొదటి జీతాలు కూడబెట్టి కొనుక్కున్నాడు. ముందు భాగం నుజ్జయింది, వెనక భాగం మాత్రం దాదాపు అలాగే ఉంది. లోయలోని ఎర్రమట్టి బండి అడుగు భాగమంతా పట్టి, ఎండి, పొలుసులు కట్టింది.

బలరాం ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. ముందు బ్రేకు ప్యాడ్లు కొన్ననాడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. ఆ తండాలో ముందు బ్రేకు పట్టుకునేవాడు ఒక్కడూ లేడు. మొరం రోడ్ల మీద ముందు బ్రేకు పడితే బండి తిరగబడుతుందని పెద్దల నమ్మకం. రవికుమార్ తండ్రి గోప్యా తన పాత బండికి ముందు బ్రేకు తీగ పీకేసి మరీ కొడుకులిద్దరికీ నడపడం నేర్పాడు. కుడికాలు ఒక్కటే వాళ్ళకు తెలిసిన బ్రేకు. గోప్యా పోయి నాలుగేళ్ళయినా అతను నేర్పిన అలవాటు మాత్రం పోలేదు.

అంటే రవికుమార్‌ని చంపాలనుకున్నవాడికి వెనక బ్రేకు ఒక్కటీ చెడగొడితే చాలు. ఈ అడవి పక్క బతికే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు.

అతను పెడల్‌ని చేత్తో నొక్కాడు. రాయిలా గట్టిగా ఉంది. రవాణా ఇన్‌స్పెక్టరు తప్పు రాయలేదు, బ్రేకు నిజంగానే బాగుంది. వెంకటప్పయ్య వెనక నిలబడి ఆవలించాడు.

అప్పుడు బలరాం వెనక చక్రం వైపు జరిగాడు. పెడల్ దగ్గర్నుంచి చక్రం దాకా పోయే రబ్బరు పైపు మీద అతని చూపు ఆగిపోయింది. బండి అడుగంతా ఎర్రమట్టి. ఆ పైపు మీద మాత్రం మట్టి మరక కూడా లేదు. నల్లగా నిగనిగలాడుతోంది. పైపుని పట్టి ఉంచే బోల్టు చుట్టూ ఎండిన మట్టి పొలుసు పగిలి, స్పానర్ గీసిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ముందు డబ్బాలోని బ్రేక్ ఆయిల్ మరిగిన టీ రంగులో ఉంటే, వెనక డబ్బాలోది నీళ్ళలా తేటగా, అంచుదాకా ఉంది. ఇంకా కిందికి వంగి చూస్తే, చక్రాన్ని మోసే ఇనుప చేయి మీద పెయింటు బొబ్బలెక్కి ఊడిపోయి ఉంది. బ్రేక్ ఆయిల్ చిమ్మిన చోట పెయింటు అలాగే ఊడొస్తుంది. మోటారు విభాగంలో అతను వంద బండ్ల మీద చూశాడు.

పైపు పగిలి ఆయిల్ చిమ్మింది. బండి లోయలో పడింది. మట్టి పట్టి ఎండింది. ఆ తర్వాత ఎవరో పాత పైపు విప్పేసి కొత్తది బిగించారు. ఆ తర్వాతే రవాణా శాఖ మనిషి వచ్చి పెడల్ తొక్కి చూశాడు.

బలరాం లేచి నిలబడ్డాడు. అప్పటికి పోలీసులు నలుగురు చుట్టూ మూగారు.

"బండి లోయలకెళ్ళి తీసిన దగ్గర్నుంచి ఎవని తాళంల ఉన్నది?" అని అడిగాడు.

"నా స్టేషన్ తాళంలో."

"అట్లయితే నీ తాళంల ఉన్న బండికి బ్రేకు పైపు మార్చిన్రు. హత్యకు సాక్ష్యం నీ ఇంట్ల మాయమైంది. ఎవని ఉప్పు తిని కళ్ళు మూసుకున్నవ్ వెంకటప్పయ్యా?"

వెంకటప్పయ్య ముఖం ఎర్రబడింది. అతను కూడా వంగి చూశాడు. గర్విష్ఠి అయితే అయ్యాడుగాని గుడ్డివాడు కాదు. మట్టిలేని పైపునూ గీతలు పడ్డ బోల్టునూ చూశాక సెంట్రీ గోపాలుని పిలిచి, బండిని ఎవరైనా ముట్టుకున్నారా అని గద్దించాడు. గోపాలు ఎవరూ రాలేదని, తన బిడ్డల మీద ఒట్టని అన్నాడు.

"విన్నవుగా. ఇక బయటికి నడువ్. నన్ను లంచగొండి అన్నందుకు నీ సంగతి తర్వాత చూస్తా," అన్నాడు వెంకటప్పయ్య. కానీ అతని గొంతులో ఇందాకటి ధీమా లేదు.

బలరాం నడిచాడు. బిడ్డల మీద ఒట్టు పెట్టేటప్పుడు గోపాలు కళ్ళు నేల చూడటం అతను గమనించాడు. ఇంకో సంగతి కూడా అతని బుర్రలో తిరుగుతోంది. కొత్త పైపు బిగించినంత మాత్రాన బ్రేకు పడదు. లోపల గాలి చేరుతుంది, ఆ గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గరున్న మూతలాంటి చిన్న నిపుల్‌ని వదులు చేసి గాలి వదలాలి. అది మళ్ళీ బిగించాకే తొక్కినవాడు కాలు తీయాలి. ఆయిల్లో బుడగలు ఆగేదాకా ఇదే వరస. పెడల్ అంత గట్టిగా ఉందంటే పని నిదానంగా, ఒద్దికగా చేశారన్నమాట. ఒకరి మాట ఒకరు వినే ఇద్దరు మనుషులు చేశారు. పోలీసు కళ్ళ ముందు అంతసేపు అలా కూర్చోగలిగిన ఇద్దరెవరు?

గోపాలు టీ కోసం ఎదురుగా ఉన్న హోటల్‌కి వచ్చేదాకా కాచుకున్నాడు. వచ్చాక పక్కన కూర్చుని, సాక్ష్యం మార్చినవాళ్ళకు సాయం చేసిన పోలీసుకి ఎన్నేళ్ళు శిక్ష పడుతుందో తాపీగా వివరించాడు. గోపాలు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"లంచం తినలే సార్. పాపమని వదిలిన," అన్నాడు. "మూడో దినం నాడు ఆ పిలగాని తల్లి వచ్చింది, వాని తమ్ముణ్ణి ఎంటేసుకొని. పానం పోయిన బండికి మా తండోల్లు పూజ జేస్తరు, లేకుంటే ఆత్మ బండి మీదనే తిరుగుతదని ఏడ్చింది. బయటి మొగోల్లు చూడొద్దంట. చుట్టూ దుప్పటి కట్టుకున్నరు. నేను దూరం పోయి నిలబడ్డ."

బలరాం ఆ తండాలోనే పుట్టాడు, అక్కడే పెరిగాడు. పెళ్ళిళ్ళు, చావులు, తీజ్ పండగలు, అన్నీ చూశాడు. బండికి పూజ చేసే ఆచారం తండాలో లేదు. దుప్పటి చాటున చేసే పూజ అసలే లేదు. గోపాలు మైదానం మనిషి, తండావాళ్ళకు ఏదో ఒక వింత ఆచారం ఉండే ఉంటుందని నమ్మేశాడు. అక్క అతని తెలియనితనం మీద లెక్క వేసుకునే వచ్చింది.

పొద్దున నలుగురి ముందూ తను వెంకటప్పయ్య మీద ఉమ్మిన మాటలు ఇప్పుడు తన ముఖాన్నే పడ్డాయి.

తండా చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సోమ్లి గడప ముందు కూర్చుని జొన్నలు చెరుగుతోంది. తమ్ముణ్ణి చూసి చేట ఆపింది. చితి దగ్గర పడిపోయి గుండెలు బాదుకున్న మనిషి ఈమేనా అనిపించింది బలరాంకి. కళ్ళలో తడి లేదు. నీళ్ళిచ్చింది. తాగేదాకా ఆగి, తనే అడిగింది.

"చూసినవా బండి?"

"చూసిన. పెడల్ నువ్వు తొక్కినవా, లాలు తొక్కిండా?"

ఆమె బుకాయించలేదు. "నేను తొక్కిన. ఆడు గాలి తీసిండు," అంది.

లాలు ఆమె రెండో కొడుకు. అశ్వారావుపేట రోడ్డు మీద మెకానిక్ షెడ్డు నడుపుతాడు. సోమ్లి లోపలికి వెళ్ళి దూలం సందులోంచి ఒక గుడ్డ మూట తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. మూటలో పాత బ్రేకు పైపు ఉంది. చక్రం వైపు, కంటికి ఆనని చోట, బ్లేడుతో సగం లోతు కోసిన గాటు. మిగతా సగం ఒత్తిడికి చిట్లిపోయింది. మామూలు రోడ్డు మీద అది ఎంతసేపైనా ఆగుతుంది. గండి దిగుడులో కాలి బలమంతా పెట్టి తొక్కినప్పుడు ఆగదు.

ఆమె చెప్పినదాని సారం ఇది. ప్రమాదానికి ముందురోజు ఆ బండిని లాలు సర్వీసు చేశాడు, అప్పుడు పైపు నిక్షేపంలా ఉంది. మర్నాడు రవికుమార్ దారిలో ఆగింది ఒక్క చోటే. చెంచురామయ్య పామాయిల్ తోటలో. ఆ తోట అంచు అడవి హద్దులోకి చొచ్చుకొచ్చిందని కొలతలు వేసి, నోటీసు చేతికిచ్చి, ఆయన బలవంతం మీద లోపల కూర్చుని కాఫీ తాగి బయల్దేరాడు. ఆ కాసేపూ బండి షెడ్డులో ఉంది. లోయలోంచి బండిని తాడుతో లాగినప్పుడే లాలు గాటు చూశాడు. ఎవరికీ చెప్పలేదు, తల్లికి తప్ప.

"నాకెందుకు చెప్పలే అక్కా? ఈ పైపు నా చేతికొస్తే వాణ్ణి ఆ రోజే లోపలేపిస్తుంటి."

"అందుకే చెప్పలే," అంది సోమ్లి. "లోపలేస్తే ఆడు బతుకుతడు తమ్మీ. సర్కారు అన్నం పెడతది, కాపలా ఉంటది. ప్లీడర్లొస్తరు, బెయిలొస్తది. నా కొడుకుని బూడిద చేసినోడు పూలదండేసుకొని ఇంటికొస్తడు. యాక్సిడెంటని రాస్తే ఆడు భయం లేకుండ తిరుగుతడు. గట్ల తిరిగేటోడే నాకు గావాలె."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో బలరాంకి సంతోషమే కలిగింది. చితి ముందు తను అరిచిన మాటని అక్క నిశ్శబ్దంగా చేసి చూపిస్తోంది. చెంచురామయ్య పల్చటి నవ్వు, తెల్ల ఖద్దరు చొక్కా, శవం మీద ఆయన వేసిన పెద్ద దండ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చావనీ అనుకున్నాడు. ఆ తర్వాతే అతనిలోని పాత పోలీసువాడు మేలుకున్నాడు.

"లాలు ఏడున్నడు?"

సోమ్లి చేట అందుకుంది. రెండోసారి గట్టిగా అడిగితే చెప్పింది. తోట బండ్లన్నీ లాలు దగ్గరికే రిపేరుకు వస్తాయి. చెంచురామయ్య జీపుకి బ్రేకు చూడమని పొద్దున్నే కబురొచ్చింది. లాలు వెళ్ళాడు. ఒక నట్టు ఉండాల్సినంత బిగువుగా బిగించడు. ఈ మధ్యాహ్నం చెంచురామయ్య ఆ జీపులో ఒక్కడే భద్రాచలం పోతాడు. గుర్రంగండి దిగకుండా భద్రాచలం పోయే దారి లేదు.

"అదే దిగుడు, అదే మలుపు," అంది ఆమె.

బలరాం ఏదో అనబోయాడు. అంతలో ఆమె బొడ్డున ఉన్న సెల్‌ఫోన్ మోగింది. లాలు పేరు కనబడగానే బలరాం లాక్కుని స్పీకరు నొక్కాడు.

లాలు తండా భాషలో మాట్లాడాడు, గొంతు తగ్గించి. పక్కనున్నవాడికి అర్థం కాకూడదని అలా మాట్లాడుతున్నాడని బలరాంకి వెంటనే తెలిసింది. పని అయిపోయిందని, షెడ్డుకి బయల్దేరబోతుంటే చెంచురామయ్య చేయి పట్టుకుని ఆపాడని చెప్పాడు. బ్రేకు బాగుచేసినవాడే పక్కన కూర్చుని మొదటి ట్రిప్పు రావాలట, అది తన పద్ధతి అన్నాడట. జీపులో కూర్చోబెట్టాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. అటుపక్క ఇంజను మోత వీళ్ళకూ వినబడుతోంది.

"ఏదన్న చెప్పి దిగు బిడ్డా," అంది సోమ్లి.

"దిగితే ఆయనకు అర్థమైతది. మళ్ళ మనకు దొరకడు," అన్నాడు లాలు. "అన్నతోని మనసుల మాట్లాడుకున్న. ఆయన, నేను ఇద్దరం పోతం. నువ్వు ఏడువకు."

సోమ్లి ముఖం బూడిద రంగుకి మారింది. పన్నెండు రోజులుగా ఆమెను నిలబెట్టింది పగ ఒక్కటే. ఆ పగని ఆమె రెండో కొడుకు తల్లికంటే నిండుగా నమ్ముకున్నాడని అప్పుడే తెలిసింది ఆమెకి. బలరాం ఫోను నోటి దగ్గర పెట్టుకునేలోపు ఆమే లాక్కుంది.

"ఫోను ఆయనకియ్యి," అంది. కొడుకు కదల్లేదు. "నీకు పాలిచ్చిన దాన్ని చెప్తున్న, ఇయ్యి."

అవతల ఫోను చేతులు మారిన చప్పుడు.

"చెప్పమ్మా సోమ్లీ," అంది ఒక నిదానమైన గొంతు.

"అయ్యా, నీ జీపుకి బ్రేకు లేదు. కదిలియ్యకు. నా కొడుకుని దింపు."

ఇంజను ఆగిపోయింది. అంత హఠాత్తుగా నిశ్శబ్దం రావడంతో తోటలో ఎక్కడో మోటారు పంపు ఆడుతున్న చప్పుడు కూడా వినిపించింది.

"జీపు ఇంకా షెడ్డు గడప కూడా దాటలేదమ్మా. దాటించే ఉద్దేశం నాకూ లేదు," అన్నాడు చెంచురామయ్య. "ఎవరో ఒకరు నోరు విప్పుతారని కూర్చున్నా. రవి బండికి వెనక బ్రేకు భేషుగ్గా ఉందని సీఐ గారు చెప్పిన రోజునుంచి నాకు నిద్రలేదు. ఎలా ఉంటుంది? ఉండకూడదే. ఎవరో పైపు మార్చారు. మార్చినవాళ్ళు ఊరుకోరు. ఎవరా అని చూస్తున్నా. మీ లాలు పొద్దున నా ముఖం చూడకుండా జీపు కింద దూరినప్పుడే అనుమానం వచ్చింది."

బలరాం పళ్ళు బిగించాడు. వెనక బ్రేకు బాగుండకూడదన్న సంగతి ఈ ఇంటివాళ్ళకి, పైపు కోసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాడి పీక ఇప్పుడు చేతికి దొరికితే నులిమేసేవాడు.

చెంచురామయ్యకి బలరాం వింటున్నట్టు తెలియదు. తన బేరం తను చెప్పుకుపోయాడు. పాత పైపు సోమ్లి దగ్గర ఉండే ఉంటుంది. అది తెచ్చి ఇస్తే కొడుకుని తీసుకుపోవచ్చు. ఇవ్వకపోతే వెంకటప్పయ్యకి ఫోను చేస్తాడు. జీపు కింద వదులైన నట్టు ఉంది, దాని మీద లాలు వేలిముద్రలున్నాయి. హత్యాయత్నం. చట్టం లాలుని పట్టుకుంటుంది, తనని కాదు. చీకటి పడేలోపు రమ్మని, ఒక్కదాన్నే రమ్మని చెప్పి ఫోను పెట్టేశాడు.

సోమ్లి పైపుని గుడ్డలో చుట్టి చేతిలో పట్టుకుంది. పెద్దకొడుకు కోసం మిగిలింది ఆ జానెడు రబ్బరు ముక్కే. చిన్నకొడుకుని కొనడానికి ఉన్నదీ అదే.

"ఇచ్చేస్త తమ్మీ. చచ్చినోడు మళ్ళ రాడు," అంది. తర్వాత వేరే గొంతుతో, "ఇస్తే మాత్రం వదుల్తడా ఆడు?" అని అడిగింది.

వదలడని ఇద్దరికీ తెలుసు. సంగతి తెలిసిన మెకానిక్‌ని అలాంటివాడు ఎన్నాళ్ళు బతకనిస్తాడు? బలరాం చాలాసేపు కూర్చోలేదు. చెంచురామయ్య చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, వీళ్ళ తప్పు వెంకటప్పయ్యకి తెలియకపోవడం. అది తెలిసిపోతే ఆయన దగ్గర ఇక బెదిరించడానికేమీ ఉండదు. కానీ ఆ మాట చెప్పేది తను, పట్టిచ్చేది తన రక్తాన్ని. చితి ముందు చేతులతో చంపుతానన్న పెద్దమనిషి ఇప్పుడు ఫోను నొక్కడానికి వేలు ఆడక నిలబడ్డాడు.

చివరికి నొక్కాడు.

"ఇంకా తిట్లేమన్నా మిగిలినయ్యా?" అన్నాడు వెంకటప్పయ్య.

"పొద్దున అన్నది తప్పు. ఆ మాట నలుగురి ముందల మళ్ళ చెప్త," అన్నాడు బలరాం. "ఇప్పుడు కాగితం తీస్కో. రవిని చంపింది చెంచురామయ్య. కోసిన పైపు నా దగ్గరుంది, ఆయన నోటితోని ఆయనే చెప్పిన మాట నేను విన్న. లాలు ఆయన షెడ్డుల చిక్కిండు. జీపు బ్రేకు విప్పింది లాలే, అది కూడా రాసుకో. జల్దీ పోయి వాణ్ణి అరెస్టు చెయ్యి. నీ లాకప్పుల ఉంటేనే వాడు బతుకుతడు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. వెంకటప్పయ్య గొంతులో వెటకారం పోయింది. "నా స్టేషన్లో పైపు మార్చిందెవరు?" అని అడిగాడు. "పేరు చెప్పందే ఆ పైపు సాక్ష్యానికి పనికిరాదు బలరాం. అది నీకూ తెలుసు."

బలరాం పేరు చెప్పబోయి తలెత్తాడు. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన అక్క ఎదురుగా నిలబడి చూస్తోంది.

సోమ్లి దగ్గరికొచ్చి, ఫోను పట్టుకున్న అతని చేతిని తన నోటి వైపు తిప్పుకుంది.

"సోమ్లి, గోప్యా పెండ్లాం. ముందు నా పేరే రాస్కో సారూ," అంది. "దాని కింద నా కొడుకుని చంపినోని పేరు తప్పిపోకుంట చూడు."